కరెంటు పోయినా నేల తడవకూడదంటే

ప్రశ్న: మా ఇంట్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ఉప్పునీటి ట్యాంకు ఉంది. ఓవర్‌ఫ్లో పైపు బిగించే ఉంది. నైట్రేటు 40 పీపీఎం నుంచి దిగడం లేదు, రాళ్ల నిండా జుట్టులాంటి నాచు. 90 × 40 × 40 సెంటీమీటర్ల పాత ట్యాంకును కింద పెట్టి రెఫ్యూజియంగా, అంటే నైట్రేటును పీల్చుకునే నాచు పెంచే తొట్టిగా మార్చుకోవచ్చా? అందులోకి మా తీరంలో రాళ్లకు పట్టే కాలెర్పా అనే నాచు తెద్దామనుకుంటున్నాను.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పాత ట్యాంకు సరిపోతుందండీ, కానీ లోపలి అడ్డుగోడలకు గాజు ముక్కలు కోయించే ముందు ఒక లెక్క వేసుకోండి. మోటారు ఆగిందంటే, నీళ్లను పైకి పంపే పైపే సైఫన్‌లా వెనక్కి లాగుతుంది, దాని మూతికి గాలి తగిలేదాకా ఆగదు. మీ పై ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే దాదాపు 11 లీటర్లు. మూతి 5 సెంటీమీటర్ల లోతులో ఉంటే దాదాపు 55 లీటర్లు దిగుతాయి, కింద అది 15 సెంటీమీటర్ల ఎత్తు! కింది ట్యాంకును 30 సెంటీమీటర్ల దాకా నింపి నడిపితే మొదటి కరెంటు కోతకే గదిలో ఉప్పునీళ్లు. అందుకే మూతిని నీటిమట్టానికి రెండు సెంటీమీటర్ల లోపే ఉంచండి, కింద 25 దాటనివ్వకండి. నీళ్లను వెనక్కి రానివ్వని నాన్‌రిటర్న్ వాల్వు ఉందిలే అనుకోవద్దు, ఉప్పు పేరుకునో, నత్త అడ్డుపడో ఏదో ఒక రోజు అది మూసుకోదు. అన్నీ బిగించాక ముందు మామూలు నీళ్లతో నడిపి, మీరే నాలుగైదుసార్లు స్విచ్ ఆపి చూడండి.

అడ్డుగోడలతో మూడు అరలు చేయండి: నీళ్లు దిగేది, నాచుది, మోటారుది. నాచు అర అన్నిటికంటే పెద్దదిగా ఉండాలి. అతికించడానికి బూజు మందు కలపని సిలికాన్ మాత్రమే వాడండి, వారం ఆరనివ్వండి. ఆవిరయ్యే నీళ్లు మోటారు అరలోనే తగ్గుతాయి, అక్కడ ఆర్‌వో నీళ్లు పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

కాలెర్పా మాత్రం వద్దండీ. అది రాళ్లకు వేళ్లూని పై ట్యాంకులోకి పాకుతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి రాత్రికి రాత్రే తెల్లబడి చితికిపోయి, పీల్చుకున్నదంతా నీళ్లలోకి వదిలేస్తుంది. గిన్నెలు తోమే పీచులా ఉండే కీటోమార్ఫా వేయండి, సముద్రపు ట్యాంకులున్నవాళ్లు ఎలాగూ కత్తిరించి పారేస్తుంటారు, ఒక గుప్పెడు అడిగి తెచ్చుకోండి. రెండు వారాలకోసారి మూడో వంతు తీసి బయట పడేయాలి, నైట్రేటు బయటికి పోయేది అలాగే.

కింది నాచుకు లైటు రాత్రిపూట వేయండి, పై లైటు ఆరిపోయాక 10 గంటలు. చీకట్లో పై ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది, ఆ సమయంలో కింది నాచు దాన్ని పీల్చుకుంటే పీహెచ్ అంతగా ఊగదు. మొక్కలకు వాడే మామూలు ఎల్‌ఈడీ చాలు. ఉప్పు తడి ఉండే చోటు కదా, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు.

నాచులో కోపెపాడ్లు అనే పురుగుల్లాంటి చిన్న జీవులు పెరుగుతాయి, కొన్ని మోటారులోంచి కూడా బతికే పైకి వెళ్లి చేపలకు మేతవుతాయి. కాబట్టి తెల్లమచ్చల జబ్బొస్తే రాగి మందు ఈ నీళ్లలో కలపకుండా చేపలను వేరే ట్యాంకులోకి మార్చి వైద్యం చేయండి, రాగి తగిలితే ఈ చిన్న జీవులన్నీ చచ్చిపోతాయి.