ఆయన పూజలో ఉన్నంతసేపూ అత్తగారి దగ్గర ఎవరుంటున్నారు?

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ దేవుడే తోడు. పిల్లల్ని పెంచే రోజుల్లో కూడా తెల్లవారకముందే లేచి పూజ చేసుకునేదాన్ని. రెండేళ్ల క్రితం అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. అన్నీ నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడు దేవుడి ముందు కూర్చుంటే స్తోత్రం సగంలోనే కునుకు వస్తోంది, లేదంటే ఏడుపు వస్తోంది. మావారు రిటైరయ్యారు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట పూజలో ఉంటారు. ‘నీకు భక్తి తగ్గింది, అందుకే ఇంట్లో ప్రశాంతత లేదు’ అంటున్నారు. దేవుడు నాకు దూరమైపోయాడేమోనని భయం. తక్కువ సమయంలో చదువుకోవడానికి ఏ స్తోత్రం మంచిది?

జవాబు: ఏ స్తోత్రమైనా మంచిదేనమ్మా. నోటికి వచ్చింది చదువుకోండి, ఓపిక లేని రోజు మానేయండి. ఆ ప్రశ్నకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

నన్ను బాధపెట్టింది మీ వారి మాట. మంచాన ఉన్నది ఆయన కన్నతల్లి. పక్షవాతం వచ్చినవాళ్లకి ఒళ్లు పుండ్లు పడకుండా ఉండాలంటే రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రిళ్లు కూడా. రెండేళ్లుగా ఆ తిప్పేది ఎవరు? మీరే. అలా నిద్ర తెగిపోయిన మనిషి కళ్లు మూసుకుంటే కునుకు రాక ధ్యానం వస్తుందా? దాన్ని భక్తి లోపమని, హాయిగా నిద్రపోయి లేచిన మనిషి తీర్పు చెబుతున్నాడు. మీరు ఆ తీర్పుని నమ్మి దేవుడికి భయపడుతున్నారు. దేవుడితో మీకు ఏ గొడవా లేదు. సరిచేసుకోవాల్సింది మీ వారితో.

మహాభారతం అరణ్యపర్వంలో కౌశికుడి కథ ఆయనకి తెలిసే ఉంటుంది. తన మీద రెట్ట వేసిన కొంగని కోపంతో చూసి చంపిన తపస్వి. భిక్షకి వెళ్తే, భర్త సేవలో ఉండి ఆలస్యం చేసిన ఇల్లాలి మీద కూడా మండిపడ్డాడు. ఆమె బెదరలేదు, మిథిలలో ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లి ధర్మం తెలుసుకోమంది. చాలామంది ఆ ఇల్లాలి దగ్గరే కథ ఆపి ఆడవాళ్లకి నీతులు చెబుతారు. నాకది నచ్చదు, అసలు సంగతి ఆ తర్వాత ఉంది. మాంసం అమ్ముకుని బతికే ధర్మవ్యాధుడు తన ముసలి తల్లిదండ్రుల్ని చూపించి, నాకు దేవతలు వీళ్లే అంటాడు. ఆపైన కౌశికుణ్ణే నిలదీస్తాడు. వేదం చదువుకోవాలని కనీసం అనుమతైనా అడక్కుండా అమ్మానాన్నల్ని వదిలి వచ్చావు, నీ కోసం ఏడ్చి ఏడ్చి వాళ్ల చూపు పోయింది, ముందు ఇంటికి వెళ్లి వాళ్లని చూసుకో అని. అంత తపస్సు చేసినవాడికి దొరికిన ఉపదేశం అది. మీ వారు ఒకసారి ఆ కథని చివరిదాకా చదవాలి.

మీ సంగతికొస్తే, ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో అర్చన ఒక్కటి మాత్రమే. స్మరణం ఉంది, శ్రవణం ఉంది. వాటికి ఆసనం వేసుకుని కూర్చోనక్కర్లేదు. అత్తగారి ఒళ్లు తుడుస్తూ దేవుడి పేరు తలుచుకున్నా స్మరణమే. ఆవిడకి వినిపించేలా నాలుగు పద్యాలు చదివితే ఇద్దరికీ శ్రవణం. ఒకప్పుడు తెల్లవారుజామున గంటసేపు కూర్చోగలిగారు, మళ్లీ ఆ రోజులు వస్తాయి. ఇది వేరే కాలం.

అలాగని సేవే పూజ అనుకుంటూ అంతా మీరే మోస్తూ పోవాలని నేను చెప్పను. అత్తగారిని చూసుకోవడం మీ బాధ్యతే, కాదనను. కానీ ఆవిడ కొడుకు ఇంట్లోనే ఉన్నాడు కదా.

కాబట్టి ఇవాళే అడగండి. సణుగుతూ కాదు, ఏడుస్తూ కాదు. ‘ఏవండీ, ఈ రాత్రి నుంచి రెండింటికీ, నాలుగింటికీ అత్తయ్యని మీరు తిప్పండి. పొద్దున మీ పూజలో ఒక గంట తగ్గించి ఆవిడ చేత వ్యాయామాలు చేయించండి’ అని స్పష్టంగా చెప్పండి. తల్లికి స్నానం చేయించడానికి ఆయన మొహమాటపడితే అర్థం చేసుకోవచ్చు. మందులు ఇవ్వడానికి, తినిపించడానికి, పక్కన కూర్చుని మాట్లాడడానికి మొహమాటం ఎందుకు? ఆయన వినకపోతే మీ పిల్లలకీ ఆడపడుచులకీ చెప్పండి. ఇంటి గుట్టు అంటూ దాచుకోకండి.

ఇంకోసారి ‘నీకు భక్తి లేదు’ అంటే మాత్రం తల వంచుకుని ఊరుకోవద్దు. ఆ మాట అనే హక్కు ఆయనకి లేదని మర్యాదగానే, గట్టిగా చెప్పండి. సరిపడా నిద్ర దొరికాక కూడా కొన్ని వారాలపాటు ఏడుపు ఆగకపోతే, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీ వారిని వెంట తీసుకెళ్లండి.