పాకాలకు పోయే ముందు

బిడ్డా స్రవంతీ,

పాకాల చెరువు కాడ సన్న తూనీగల (డామ్‌సెల్‌ఫ్లైల) లెక్క రాస్తానన్నవని మీ అమ్మ చెప్పింది. చిన్నప్పుడు తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసిన మనిషి మీ అమ్మ. ఆమె బిడ్డ అదే తోక కొసను లెన్సు పెట్టి చూస్తదంటే సంబురమే. భయం గూడ ఉంది, చెప్త.

అది అభయారణ్యం, అటవీశాఖ అనుమతి కాగితం దగ్గర పెట్టుకో. వానలు వెనుకబట్టినంక పో. పొద్దున ఎండ తగలక ముందు అవి గడ్డిపోచను పట్టుకొని కదలవు, ఫొటో అప్పుడే తియ్యి.

ఇగ అందరూ చేసే పాత తప్పు: రంగు చూసి పేరు పెట్టుడు. నువ్వు వెతికే అసియాగ్రియాన్ ప్రజాతికి (జీనస్‌కు) 1891లో సెలిస్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టిండు. బాగ సన్నటి ఒళ్లు, వెలిసిన రంగు. కానీ కొత్తగ రెక్కలొచ్చిన ఏ సన్న తూనీగైనా పాలిపోయే ఉంటది, ముదిరినంకనే అసలు రంగు తేలుతది. ఇస్క్నూరా, సెరియాగ్రియాన్ అనే వేరే ప్రజాతుల ఆడవాటిల గూడ మట్టి రంగువి ఉంటయి. "సన్నది, బూడిద రంగు" అని రాసుకుంటే నాలుగు రకాలు ఒక్క పేరు కింద కలిసిపోతయి. ఫొటో లేకుంటే దిద్దే దారే లేదు.

ముందు రెక్కలు చూడు. వాలినప్పుడు సగం తెరిచి పెడితే లెస్టెస్, అది వేరే కుటుంబం. మూసుకుంటే తోక కొసకు పో. మగదాని 10వ ఖండం చివర 2 జతల కొక్కాలుంటయి, ఆడదాని మెడ పలకను వాటితోనే పట్టుకుంటది. ఆ రెండూ ఒకదానికొకటి అమరాలె, అందుకే ఒక్కో జాతికి ఒక్కో తీరు. మగదానికి కొక్కాలు, ఆడదానికి మెడ పలక: గుర్తులు ఇవే.

100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు పెట్టు, ఎపర్చర్ f/11. కెమెరా ఒంటికి సమాంతరంగ లేకుంటే తల తేటగ, తోక మసకగ వస్తది. పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, కండ్ల వెనుక మచ్చలకు ఒకటి, తోక కొసకు పక్కా పైనా రెండు. పట్టుకోవద్దు.

నీళ్లల్ల మాత్రం దిగకు. వినబడుతుందా? పాకాలల మొసళ్లున్నయి. ఊరి చెరువుల్ల పూడిక తీసిన గుంతలు నీళ్లు నిండితే కనబడవు, ఒక అడుగు మోకాలి లోతు, మరుసటి అడుగు నిలువెత్తు. తుంగ మీద ఎంత మంచిది వాలినా పోనియ్యి. ఒడ్డున కదలకుండ కూసుంటే చాలాసార్లు అదే పోచకు మళ్లీ వస్తది. ఒక్కదానివే పోకు తల్లీ.

పేరు తేలకుంటే ప్రజాతి వరకే రాసి ఊకో. తోక ఫొటోలు నాకు మెయిల్ చెయ్యి. వాట్సాప్‌ల మామూలుగ పంపితే కుదించుకపోయి కొక్కాలు కనబడవు.

మీ మామయ్య
హనుమకొండ