వివిధ జీవజాతుల మైక్రో ఆర్‌ఎన్‌ఏ వరుసల్లోని పోలికలను బొమ్మగా చూపడం ఎలా?

మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అంటే జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ పోగులు. ఈ పనికి 1990లో ష్నైడర్, స్టీఫెన్స్ ప్రవేశపెట్టిన సీక్వెన్స్ లోగో పద్ధతినే, అంటే ప్రతి స్థానంలోని పోలికను అక్షరాల ఎత్తుతో చూపే బొమ్మనే, నేను మొదట సూచిస్తాను. వరుసలను 5 ప్రైమ్ కొస (ఆర్‌ఎన్‌ఏ పోగు మొదలయ్యే కొస) నుంచి ఒకదాని కింద ఒకటి అమర్చి, ప్రతి స్థానంలో ఏ క్షారం (ఏ, యు, జి, సి అక్షరాలతో సూచించే నాలుగు రసాయన భాగాల్లో ఒకటి) ఎంత తరచుగా వస్తుందో లెక్కిస్తారు. అన్ని వరుసల్లోనూ ఒకే క్షారం ఉంటే ఆ అక్షరం 2 బిట్ల (బిట్ అంటే సమాచారాన్ని కొలిచే ప్రమాణం) పూర్తి ఎత్తుకు లేస్తుంది, నాలుగూ సమానంగా ఉంటే ఎత్తు దాదాపు సున్నా అవుతుంది.

లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కుటుంబాన్నే చూడండి. మనిషిలోని లెట్-7ఏ, సీనోరాబ్డైటిస్ ఎలిగెన్స్ అనే నులిపురుగులోని లెట్-7 రెండింటిలోనూ 22 క్షారాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మనిషిలోని లెట్-7బి మాత్రం 17, 19 స్థానాల్లో ‘ఏ’ బదులు ‘జి’ కలిగి ఉంటుంది కనుక, దాన్ని కూడా చేర్చి గీస్తే లోగో అక్కడ కుంగుతుంది. లక్ష్య ఎంఆర్‌ఎన్‌ఏను (ప్రోటీన్ తయారీ సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏను) గుర్తించే సీడ్ భాగం, అంటే 2 నుంచి 8 వరకు ఉన్న జిఏజిజియుఏజి, నిటారుగా నిలుస్తుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి: దగ్గరి బంధువులైన వానర జాతులనే ఎక్కువగా చేర్చితే, పరిణామక్రమంలో విడిపోయి ఎంతో కాలం కాకపోవడం వల్ల మిగిలిన పోలిక కూడా ముఖ్యమైన సంరక్షణలా (పని కోసం మారకుండా నిలిచిన పోలికలా) కనిపిస్తుంది. అందుకే లోగో పక్కనే వంశవృక్షం ప్రకారం జాతులను పేర్చి, క్షారాలకు రంగులు వేసిన వరుసల అమరికను కూడా ఉంచాలి.