ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు

చిరంజీవికి ఆశీస్సులు.

గోదావరి కాలువ మీదున్న లొల్ల లాకుల గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. నీ వాక్యంలో నడక ఉంది, అది నేర్పితే వచ్చేది కాదు. ఒక్క పేరా దగ్గర మాత్రం ఆగిపోయాను. తలుపును బిగిస్తే తాళం, నీటిని బిగిస్తే లాకు, జుట్టును బిగించి అల్లితే పాయ, అందుకే ఇంగ్లీషువాళ్లు మూడింటినీ లాక్ అన్నారని రాశావు. చదవడానికి ఎంతో హాయిగా ఉంది. కానీ మూడోది నిజం కాదమ్మా.

తాళం, కాలువ లాకు ఒక కుటుంబమే. పాత ఇంగ్లీషులో ఆ మాటకు తలుపు గడియ అనీ, మూసి ఉంచిన చోటు అనీ అర్థాలు. జుట్టు పాయను చెప్పే లాక్ అప్పటికే వేరే మాట. రాతలో చివర ఒక అక్షరం ఎక్కువ. పోను పోను ఆ తేడా చెరిగిపోయి రెండూ ఒకే రూపానికొచ్చాయి. ఇంటిపేరు ఒకటే అయినా గోత్రాలు వేరైన ఇళ్లు మన ఊళ్లలో లేవూ, అలాగన్నమాట.

ఇది కనిపెట్టడం కష్టమేం కాదు. మంచి ఇంగ్లీషు నిఘంటువులో లాక్ అన్న మాట రెండు ఎంట్రీలుగా ఉంటుంది. ఒక ఎంట్రీ కింద వరసగా అంకెలేసి ఇచ్చేవి ఒక మాట నుంచి చీలిన అర్థాలు. అదే మాటను మళ్లీ మొదటినుంచి ఇచ్చారంటే పుట్టుకే వేరని. చాలామంది అర్థం చూసుకుని పుస్తకం మూసేస్తారు. నువ్వు వ్యుత్పత్తి దాకా చదువు.

లాకెట్ సంగతే చూడు. ఒకప్పుడు ఇంగ్లండులో ఇష్టమైనవాళ్ల జుట్టు పాయను లాకెట్‌లో దాచుకునేవారు. ఇది తెలిసినవాళ్లు ఆ పేరు జుట్టు నుంచే వచ్చిందని ఒట్టేసి చెబుతారు. నిజానికది చిన్న గడియ అనే ఫ్రెంచి మాట. లోపల దాచింది ఒక లాక్, పేరులో ఉన్నది ఇంకో లాక్! నువ్వు ఊహించినదానికన్నా ఇదే బాగుంది కదూ?

తెలుగులోనూ తొందరపడకు. దాయాదుల్ని పాలివాళ్లు అంటాం. ఒక తల్లి పాలు తాగిన వంశమని ఎవరైనా అందంగా రాసేయగలరు. కానీ అక్కడున్నది వాటా అనే పాలు. భాషావేత్తలు బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఈ రెండు పాలూ వేర్వేరు ఎంట్రీలు.

ఇంకొకటి. లాకు నీటిని బిగిస్తుందన్నావు. పొలాలకు నీళ్లు ఆపేదీ వదిలేదీ రెగ్యులేటరు. లాకు ఉన్నది పడవ కోసం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన కాలువలు సాగునీటితో పాటు పడవల దారులు కూడా అయ్యాయి. నీటిమట్టం ఒక్కసారిగా దిగే చోట పడవ దూకలేదు కదా. అందుకని రెండు జతల తలుపులు, మధ్యలో గది. పై తలుపులు తీస్తే పడవ లోపలికొస్తుంది. వెనక తలుపులు మూసి, గదిలోని నీళ్లను కొద్దికొద్దిగా కిందికి వదులుతారు. మట్టం కింది కాలువతో సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు. మూసి ఉంచిన చోటు అన్న పాత అర్థం అదిగో, కళ్లెదుటే ఉంది! నీ వ్యాసానికి అసలు బలం అక్కడుంది, దాన్ని వదిలేసి జడల వెంట పడ్డావు.

లస్కరును కాలువ కాపలాదారు అని ఎందుకు మార్చావు? గట్టు మీద ఎవరినడిగినా లస్కరు అనే అంటారు. పర్షియన్‌లో సైన్యానికి వాడే లష్కర్ నుంచి వచ్చిన మాట అది. ఉంచెయ్యి.

జుట్టు పేరా తీసేసి, గది పని చేసే తీరు రెండు పేరాలు రాయి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక ఇంకోసారి వెళ్లు. నీళ్లున్నప్పుడు మునిగి ఉండేవి అప్పుడు బయటపడతాయి. తలుపులు వచ్చి ఆనే చోటు, గది అడుగు దగ్గరగా చూడు. చూశాక రాసి పంపు, చదువుతాను.

ఉంటాను.