పాడటంతో పాటు పాటను చదవాలి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె సంఘం. కీబోర్డు, ప్యాడ్లు కొన్నప్పటి నుంచి ఆదివారం ఆరాధనలో కొత్త పాటలే పాడుతున్నారు. పెద్దలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కావాలంటారు. అవి సాగదీసినట్టు ఉంటాయని యవనస్థులు అంటారు. నేను స్త్రీల సమాజం బాధ్యురాలిని. ఎవరినీ నొప్పించకుండా ఏం చేయగలం?

జవాబు: సోదరీ, ప్రభువు నామమున వందనములు. యెహోవామీద క్రొత్త కీర్తన పాడుడని బైబిలులోని 96వ కీర్తనే చెబుతోంది కాబట్టి, పాట కొత్తదైనందుకు దాన్ని కాదనే అధికారం మనకెవరికీ లేదు. పెద్దలు కోరుతున్న కీర్తనలు కూడా ఒకనాడు కొత్తవే. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) క్రీస్తు కథను పల్లవి, చరణాలతో, మన రాగాలలో, మన తాళాలలో కూర్చినప్పుడు ఆ కాలపు విశ్వాసులకు అది సరికొత్త సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఎన్నో పాటల తలకట్టున శంకరాభరణం, మోహన, ముఖారి అంటూ రాగం పేరూ, పక్కన తాళం పేరూ కనిపిస్తాయి.

పెద్దల బాధ వెనుక ఉన్న కారణాన్ని మాత్రం యవనస్థులు తెలుసుకోవాలి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు అక్షరం రానివారు. బైబిలు చేతికిచ్చినా చదవలేని ఆ తరం వాక్యాన్ని చెవితో విని, పాటగా కంఠస్థం చేసి, పొలంలో పాడుకుని నిలబెట్టుకుంది. వారికి పాటే బడి, పాటే పుస్తకం. సంగీతములతోను కీర్తనలతోను ఒకనికి ఒకడు బోధించుకొమ్మని కొలస్సయులకు పౌలు రాసిన మాట మన పల్లెల్లో అక్షరాలా జరిగింది.

అందుకే ఏ పాటనైనా, పాతది కానీ కొత్తది కానీ, ముందు వాయిద్యం లేకుండా చదవమని నా సలహా. శనివారం సాయంత్రం అభ్యాసానికి కూర్చున్నప్పుడు కీబోర్డు ఆపి, ఒకరు పాటను మొదటి నుంచి చివరి వరకు వచనంలా చదవండి. ఈ పాట ఎవరిని గురించి చెబుతోంది, ఏమి చెబుతోంది, చివరికి మనల్ని ఎక్కడికి చేరుస్తోంది అని అడగండి. కొన్ని కొత్త పాటలు ఈ పరీక్షకు చక్కగా నిలుస్తాయి. కొన్నింటిలో ‘నేను’, ‘నాకు’ తప్ప సిలువ మాటే కనిపించదు. పాత కీర్తనలలోనూ అర్థం తెలియకుండా అలవాటుగా పాడుతున్నవి బయటపడతాయి. ఆ సమాసాలను విడదీసి యవనస్థులకు చెప్పే పని పెద్దలది.

ఇంకొక మాట కాస్త గట్టిగా చెప్పాలి. సమయం చాలదని చరణాలు కోయడం మన సంఘాలలో మామూలైపోయింది. క్రీస్తు జననంతో మొదలై, శ్రమలు, మరణం, పునరుత్థానం, రాకడ వరకు చరణం వెంట చరణం నడిచే కీర్తనలో రెండు పాడి ఆపితే ప్రభువును సిలువ మీదే వదిలి కూర్చున్నట్టవుతుంది. నాలుగు పాటలు సగం సగం పాడటం కన్నా రెండు పాటలు పూర్తిగా పాడటం మేలు.

సాగదీత గురించి యవనస్థులు చెప్పేది చాలా వరకు నిజమే. తాళం వదిలేసి, ప్రతి పాదం చివర ఊపిరి ఉన్నంతసేపు లాగడం వల్ల వచ్చిన లోపమది. దాన్ని కీర్తనకు అంటగట్టకూడదు. పక్కన తబలా గానీ, కనీసం చేతి తాళాలు గానీ పెట్టుకుని, రాసి ఉన్న తాళంలో పాడి చూడండి. అలాగే శ్రుతి ముందున్న గాయకుడి గొంతుకు కాకుండా, సభ గొంతుకు కుదరాలి. మా సంఘంలో ఒక ఆదివారం కరెంటు పోయి స్పీకర్లు ఆగిపోగానే పాట కూడా ఆగిపోయింది. అప్పటిదాకా శ్రుతి అందక పెదవులు మాత్రమే కదుపుతున్న ఒక ముసలమ్మ వెనుక వరుసలో నుంచి, పుస్తకం తెరవకుండానే, తగ్గు శ్రుతిలో ఒక కీర్తన పల్లవి ఎత్తుకుంది. రెండో చరణానికి సభంతా పాడుతోంది. ఆ మరుసటి వారం నుంచి మేము శ్రుతి తగ్గించాం.

ప్రశ్న: రోజూ ఉదయం ఫోనుకు వచ్చే వాగ్దాన వాక్యం చదువుకుంటాను. బైబిలు మొత్తం చదవాలని ప్రతి జనవరిలో మొదలుపెట్టి లేవీయకాండంలో ఆగిపోతాను. ఆ ఒక్క వాక్యం సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మన విషయంలో దేవునివి సమాధానకరమైన ఉద్దేశాలే అనే యిర్మీయా 29:11 ఎందరి ఇళ్ల గోడల మీదనో ఉంది. ఆ అధ్యాయమంతా చదివితే అది బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరమని, అక్కడే ఇళ్లు కట్టుకుని తోటలు నాటుకోమని, డెబ్బయి సంవత్సరాలు గడవాలని చెప్పిన తరువాతనే ఆ మాట వస్తుందని తెలుస్తుంది. అలా చదివినవారికి ఆ వాగ్దానం రేపటి ఉద్యోగంతో ఆగిపోదు, కష్టకాలమంతా పట్టుకుని నిలబడేంత బలమిస్తుంది.

బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు, ఆదివారం అయిదు చదివితే సంవత్సరంలో పూర్తవుతుంది. లేవీయకాండంలో ఆగిపోయేవారు కీర్తనల గ్రంథంతో మొదలుపెట్టవచ్చు: రోజుకు అయిదు చొప్పున 150 కీర్తనలు ముప్పై రోజులకు సరిపోతాయి. ఒక్క 119వ కీర్తనే 176 వచనాలు కాబట్టి దానికి విడిగా ఒక రోజు కేటాయించండి. పెదవులు కదిలేలా పైకి చదవండి. చదివిన తరువాత పాటల పుస్తకం నుంచి ఒక కీర్తనను, రాగం తీయకుండా, ప్రార్థనగా చదువుకోండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు. పాటలను ఇంగ్లీషు లిపిలో తెర మీద వేస్తున్నాం. ఇది మంచిదేనా?

జవాబు: పిల్లలు సభతో కలిసి పాడాలంటే ఇప్పటికి ఆ ఏర్పాటు తప్పదు, వేయండి. అయితే ఆ లిపిలో కల, కాల, కళ ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. అర్థం జారిపోయి పలుకు మాత్రమే మిగులుతుంది. నెలకు ఒక్క కీర్తన ఎంచుకుని, తెర మీద తెలుగు పంక్తిని కూడా పైన ఉంచి, ఆదివారం బడిలో ఆ నెలంతా దాని మాటలు ఒక్కొక్కటిగా వివరించండి. పల్లవిలోని అక్షరాలను రాయించండి. ఇంట్లో అమ్మమ్మ గానీ, నాయనమ్మ గానీ ఉంటే ఆ నెల పాటను వారి దగ్గరే నేర్చుకోమనండి.