పెద్ద సైన్యం ఉన్నా తిరుగుబాటును అణచడం ఎందుకంత కష్టం?

బలం చాలక కాదు, ఎవరిని పట్టుకోవాలో తెలియక. పగలు పొలంలో కనిపించిన మనిషే రాత్రి తుపాకీ పట్టవచ్చు. ఆ సంగతి ఊరివాళ్లకు తెలిసినా నోరు విప్పరు. సైనికులు సాయంత్రానికి క్యాంపుకు వెళ్లిపోతారు, చెప్పినవాడు మాత్రం రాత్రంతా ఆ ఊళ్లోనే ఉండాలి కదా! అందుకే అసలు పోరు సమాచారం కోసమే.

అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న మలయాలో (నేటి మలేషియాలో ఒక భాగం) 1950 నుంచి బ్రిటిష్‌వాళ్లు సుమారు 5 లక్షల మందిని ముళ్లకంచెల మధ్య కొత్త గ్రామాలకు తరలించి, గెరిల్లాలకు తిండీ కబురూ అందకుండా చేశారు. ఫలితం వచ్చింది, కానీ జనం ఇళ్లూ వాకిళ్లూ వదులుకోవాల్సి వచ్చింది. దాన్ని ఆదర్శంగా చూపడం నాకు సమ్మతం కాదు. పైగా స్వాతంత్ర్యం ఇస్తామన్న మాట కూడా అక్కడ బాగా పనిచేసింది. అది 1957లో వచ్చింది. దక్షిణ వియత్నాంలో 1962లో ఇదే పద్ధతి పెడితే, బలవంతపు తరలింపులతో విసిగిన రైతులు ప్రభుత్వానికే దూరమయ్యారు.