పోర్ట్ లూయిస్‌లో ఒక్క పూట దొరికితే ఆప్రవాసి ఘాట్‌కే వెళ్లండి

మారిషస్ టూర్‌లో పోర్ట్ లూయిస్‌కు ఒక్క పూటే దొరుకుతోంది, ఏం చూడాలి అని అడిగారు. షాపింగ్ పక్కన పెట్టి నేరుగా రేవు దగ్గరున్న ఆప్రవాసి ఘాట్‌కు, అంటే ఒకప్పుడు వలస కూలీలు ఓడ దిగిన చోటికి, వెళ్లండి. తెలుగువాళ్లు చూడకుండా రాకూడని చోటు అది.

మా టూర్ ప్లాన్‌లో అది లేదు. బతిమాలితే, "అక్కడ రాళ్లు తప్ప ఏముంది" అంటూ డ్రైవర్ ఇరవై నిమిషాలు ఇచ్చాడు. షాపింగ్ మాల్‌కు మాత్రం రెండు గంటలు! పైకి చూస్తే రాతి గోడలు, మెట్లు, చిన్న గదులే. కొంత భాగం హైవే కింద పోయింది కూడా. కానీ 1849లో కట్టడం మొదలుపెట్టిన ఆ డిపోలోనే ఓడ దిగిన కూలీలను రెండు మూడు రోజులు ఉంచి, పేరు రాసుకుని, నంబర్ ఇచ్చి చెరకు తోటలకు పంపేవారు. 1834 నుంచి 1920 దాకా ఆ దీవికి వచ్చిన కూలీలు దాదాపు 5 లక్షల మంది. ఎక్కువమంది మన దేశంవాళ్లే. కోరంగి, విశాఖ వైపు నుంచి పోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

మెట్ల దగ్గర మా అమ్మ చెప్పులు విడిచింది. మోకాళ్ల నొప్పితోనే వంగి, మెట్టును తాకి కళ్లకద్దుకుంది. పక్కనున్న ఒక పెద్దావిడ అది చూసి ఏదో అడిగింది. అక్కడివాళ్ల భాష క్రియోల్ అనుకుంటా, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మకు ఏం తోచిందో, "మాది సింహాచలం దగ్గరమ్మా" అంది. అంతే, ఆవిడ "సింహాద్రి అప్పన్న!" అని రెండు చేతులూ జోడించింది. తెలుగు మాట్లాడటం రాదు, దేవుడి పేరు మాత్రం అచ్చం మా వీధిలో పలికినట్టే పలికింది. ఇద్దరూ చేతులు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. బయట డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు.

నా బాధల్లా మన దగ్గరి సంగతే. పిల్లల్ని కోరంగి తీసుకెళ్లి మడ అడవులు, బోటు షికారు చూపించి వచ్చేస్తాం. 1839 తుఫాను ముంచెత్తేదాకా అది పేరున్న రేవు. బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. స్కూల్లో ఇందులో ఒక్క ముక్క చెప్పిన గుర్తు లేదు నాకు.

మీ ఇంట్లో ఎవరో మారిషస్ పోయి తిరిగి రాలేదన్న మాట ఉంటే, ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాసుకుని వెళ్లండి. ఆనాటి వలస రిజిస్టర్లు మారిషస్‌లోనే మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.